ప్రీస్కూలూ ఇల్లూ ఒకే మాట మీద నడవాలంటే: టీచర్లకు, నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

అడ్మిషన్ రోజు అందరూ నవ్వుతూనే ఉంటారు. అసలు సంగతి జూన్ మూడో వారంలో మొదలవుతుంది. పిల్లాడు గేటు వదలడు. తల్లికి ఆటో ఎక్కడానికి కాళ్లు రావు. నానమ్మ "ఇంకో ఏడాది ఆగితే ఏం పోయేది" అంటుంది. టీచరుకేమో ఆ పిల్లాడు ఇంట్లో ఏ పేరుకు పలుకుతాడో కూడా తెలియదు.

హైదరాబాద్ కాలనీల్లోని ప్లేస్కూళ్లకూ, బస్తీల్లోని అంగన్‌వాడీలకూ పనికొచ్చేలా, రెండున్నర నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసిన వరుస ఇది. వరుస అని ఊరికే అనడం లేదు. ముందు అడగాలి, తర్వాతే చెప్పాలి. చాలా బళ్లలో ఇది తిరగబడుతుంది. మొదటి రోజు రూల్సు కాగితం చేతిలో పెడతారు, ఆర్నెల్లు గడిచాక "మీ అబ్బాయి కొంచెం..." అని కబురు పెడతారు. అప్పటికి ఆ ఇంటివాళ్లు మీ మాట వినే స్థితిలో ఉండరు.

1. మే నెలలోనే చేసి పెట్టుకోవలసినవి

మామూలు అడ్మిషన్ ఫారంలో బ్లడ్ గ్రూపు ఉంటుంది, ఆధార్ నంబరు ఉంటుంది, నాన్న ఏం ఉద్యోగం చేస్తాడో ఉంటుంది. పిల్లాడు దేనికి భయపడతాడో ఉండదు.

ప్రతి కుటుంబంతో అరగంట కూర్చోండి. ఫారం ఇచ్చి నింపుకు రమ్మనకండి. మీరే అడుగుతూ మీరే రాసుకోండి. క్లాసులో 20 మంది ఉంటే 10 గంటల పని. ఇద్దరు టీచర్లు రోజుకు ఐదేసి కుటుంబాలను చూసుకుంటే రెండు రోజుల్లో తేలిపోతుంది. ఏడాదంతా కలిసొచ్చే పని ఇంతకు మించి ఇంకోటి లేదు.

ఎవరిని రమ్మనాలి? పగలు పిల్లాడు ఎవరి చేతుల్లో ఉంటాడో వాళ్లను. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో అది అమ్మమ్మో, నానమ్మో, ఆయమ్మో అయి ఉంటుంది. బస్తీల్లో పక్కింటి పెద్దమ్మో, పదేళ్ల అక్కో అయి ఉండొచ్చు. తల్లిదండ్రులతోపాటు వాళ్లూ రావాలి.

అడగవలసినవి:

☐ ఇంట్లో ఏమని పిలుస్తారు? (రికార్డులో ఉన్న పేరుకు చాలామంది పిల్లలు తలే తిప్పరు.)
☐ పగలు ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది?
☐ బాత్రూంకు వెళ్లాలంటే ఏ మాట అంటుంది? తనంతట తను బట్టలు తీసుకోగలదా? ఇంట్లో ఇండియన్ టాయిలెట్టా, కమోడా?
☐ ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తుంది? మధ్యాహ్నం నిద్ర ఉందా?
☐ తనే తింటుందా, తినిపించాలా? తినిపించేటప్పుడు ఫోన్ చూపిస్తారా?
☐ దేనికి భయం? మిక్సీ చప్పుడు, కుక్కర్ విజిల్, కుక్కలు, చీకటి బాత్రూం?
☐ ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుంది?
☐ ఈ ఏడాదిలో ఇంట్లో ఏదైనా మార్పు వచ్చిందా? తమ్ముడు పుట్టడం, ఇల్లు మారడం, నాన్న గల్ఫ్‌కు వెళ్లడం?
☐ ఫిట్స్, ఆస్తమా, పడని తిండి, రోజూ వేసే మందులు?
☐ ఇంట్లో ఏయే భాషలు వినిపిస్తాయి?

ఫోన్ ప్రశ్న అడిగేటప్పుడు మొహంలో తీర్పు కనిపించకూడదు. కనిపిస్తే "లేదండీ, అస్సలు చూపించం" అనే జవాబే వస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ ఉండదు.

ఇంటి మాటల చీటీ. బాత్రూం ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఒక ఇంట్లో "సుస్సు" అంటారు, ఇంకో ఇంట్లో "ఉచ్చ", మరో ఇంట్లో "ఒంటేలు", ఉర్దూ మాట్లాడే ఇంట్లో "పిషాబ్". మూడేళ్ల పిల్ల కొత్త గదిలో ఆ మాట ఒక్కసారే, అదీ గొంతులోనే అంటుంది. టీచరుకు అర్థం కాదు. పిల్ల మళ్లీ అడగదు. మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, గౌను అంచు పిడికిట్లో పట్టుకుని గోడవారగా నిలబడుతుంది. రెండు నిమిషాల్లో కాళ్ల కింద తడి. సాయంత్రం బడివాళ్లు "ఇంకా అలవాటు చేయలేదా?" అంటారు, ఇంటివాళ్లు "ఇంట్లో ఒక్కరోజూ ఇలా చేయలేదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆ ఒక్క మాటను ఎవరూ రాసుకోలేదు, అంతే.

పోస్టుకార్డు సైజు అట్ట మీద ఒక్కో పిల్లకు పది మాటలు తెలుగు లిపిలో రాయండి: ఒంటికీ, రెంటికీ, నీళ్లకూ, అన్నానికీ, నిద్రకూ, నొప్పికీ, ఎత్తుకోమనడానికీ ఏమంటుంది, అమ్మను, నాన్నను, పెంచే పెద్దావిడను ఏమని పిలుస్తుంది. అలమారా తలుపు లోపలి వైపు అతికించండి. ఆయమ్మకు చదివి వినిపించండి. పిల్లను బాత్రూంకు తీసుకెళ్లేది ఎక్కువసార్లు ఆమే.

ఎవరి చేతికి అప్పగించాలి? ఒక్కో పిల్లకు ముగ్గురి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు తీసుకోండి. వ్యాను లేదా ఆటో డ్రైవరు వివరాలు విడిగా రాయండి. లిస్టులో లేని బాబాయి వస్తే, పిల్ల పరుగెత్తుకుని వెళ్లి కాళ్లకు చుట్టుకున్నా సరే, తల్లికో తండ్రికో ఫోన్ చేశాకే పంపండి. ఈ నియమం ముందే చెప్పి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు.

2. మొదటి రెండు వారాలు: విడిపోవడం నేర్పే క్రమం

మొదటి రోజే మూడు గంటలు ఉంచేసి "ఏడ్చి ఏడ్చి వాళ్లే అలవాటవుతారు" అనే పద్ధతిని మానేయండి. అలా ఊరుకున్న పిల్ల నిజంగా అలవాటై ఊరుకుందో, అలసిపోయి ఊరుకుందో బయటికి తెలియదు.

నడిచే క్రమం ఇలా ఉంటుంది:

- 1, 2 రోజులు: 45 నిమిషాలు. ఇంటివాళ్లలో ఒకరు గదిలోనే, గోడకు ఆనుకుని కూర్చుంటారు. పిల్లను ఆడించరు, పిలవరు. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంటే కూర్చోనిస్తారు.
- 3వ రోజు: గంట. పిల్లకు చెప్పి 10 నిమిషాలు బయటికి వెళ్లి, చెప్పిన టైముకు తిరిగి వస్తారు.
- 4, 5 రోజులు: గంటన్నర. బయట ఉండే సమయం 30 నిమిషాలు, ఆ తర్వాత గంట.
- రెండో వారం: గేటు దగ్గరే వీడ్కోలు. మొదట రెండు గంటలు, శుక్రవారానికి పూర్తి సమయం.

ఒక్కో రోజు ఐదారుగురు కొత్తపిల్లలకు మించి మొదలుపెట్టకండి. 20 మందిని నాలుగు జట్లుగా చేసి రెండేసి రోజుల తేడాతో పిలవండి. ఒకరి ఏడుపు ఇంకొకరికి అంటుకోవడం తగ్గుతుంది.

సెలవు దొరకని ఇళ్లకు ఇదే క్రమాన్ని నాలుగు రోజులకు కుదించి, తాతయ్యనో పిన్నినో కూర్చోబెట్టండి. రోజు కూలికి వెళ్లే తల్లిని వారం రోజులు కూర్చోమనడం న్యాయం కాదు. ఆమె పనికి బయల్దేరే ముందు పొద్దున్నే అరగంట ఉండగలదేమో అడగండి. మిగతా సమయానికి టీచరో ఆయమ్మో ఒక్కరే ఆ పిల్లకు ఆనుకుని ఉండాలి. రోజుకొకరు మారకూడదు.

వీడ్కోలు ఎలా చెప్పాలో ఇంటివాళ్లకు నేర్పండి. ఒక ముద్దు, ఒక మాట, వెనక్కి తిరిగి చూడకుండా నడక. ఆ మాటలో తిరిగి వచ్చే సమయం పిల్లకు అర్థమయ్యేలా ఉండాలి. "పన్నెండింటికి వస్తా" అంటే మూడేళ్ల పిల్లకు ఏమీ తెలియదు. "అన్నం తిన్నాక, చేతులు కడుక్కున్నాక అమ్మమ్మ వస్తుంది" అంటే తెలుస్తుంది. ఆ తర్వాత అమ్మమ్మ సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఉండాలి. మొదటి వారంలో పది నిమిషాల ఆలస్యం కూడా పెద్ద దెబ్బే.

ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు:

- *పిల్ల చూడనప్పుడు చల్లగా జారుకోవడం.* మర్నాటి నుంచి అమ్మ కొంగు వదలదు, బాత్రూంకు వెళ్లనివ్వదు. చెప్పి వెళ్తే ఏడుస్తుంది, నిజమే. ఆ ఏడుపును టీచరు ఎత్తుకుని మోయాలి.
- *"ఏడిస్తే టీచర్ కొడుతుంది", "పోలీసొస్తాడు" అనడం.* ఇంటివాళ్లకు ముందే, నవ్వుతూ, "మా పేరు చెప్పి మాత్రం భయపెట్టకండమ్మా" అని చెప్పండి. భయపడ్డ పిల్ల మీ ఒళ్లోకి రాదు.
- *టీచరు "ఛీ, ఇంత పెద్దపిల్లవు ఏడుస్తావా" అనడం.* "అమ్మ వెళ్లిపోయిందని బాధగా ఉంది కదూ. అన్నం తిన్నాక వస్తుంది" అనండి. ఎన్నిసార్లయినా అదే మాట.
- *తల్లి ఆఫీసులో కూర్చుని ఏడవడం.* ఇది అందరూ మరిచిపోయే సంగతి. పిల్ల ఊరుకోగానే పది సెకన్ల వాయిస్ మెసేజ్ పంపండి: "ఊరుకుందమ్మా, బొమ్మ బండి తోసుకుంటోంది." 20 నిమిషాలు దాటినా ఊరుకోకపోతే ఫోన్ చేసి పిలవండి. దాచకండి.

బోనాల సోమవారం సెలవు తర్వాత, జ్వరం వచ్చి నాలుగు రోజులు మానేశాక, ముఖ్యంగా బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత ఏడుపు మళ్లీ మొదటికొస్తుంది. ఇది సహజం. సెలవులకు ముందే ఇంటివాళ్లకు చెప్పి ఉంచండి. తెరిచిన మొదటి రెండు రోజులు సగం పూట నడపండి.

3. గేటు దగ్గర రెండు నిమిషాలు

ఏడాదికి నాలుగు మీటింగులు పెట్టి, రోజూ గేటు దగ్గర మొహం చూడకుండా పిల్లను అందుకునే బడి కంటే, ఒక్క మీటింగూ లేకుండా రోజూ రెండు నిమిషాలు మాట్లాడే బడి మేలు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను కాదు, క్లాసు టీచరునే నిలబెట్టండి. క్లాసుకూ క్లాసుకూ మధ్య పది నిమిషాల తేడా పెడితే రద్దీ ఉండదు.

పొద్దున ఇంటివాళ్లు చెప్పవలసినవి మూడు: రాత్రి ఎలా పడుకుంది, పొద్దున ఏం తింది, కొత్త సంగతి ఏమైనా ఉందా. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పెళ్లికి వెళ్లి పన్నెండింటికి పడుకున్న పిల్ల మర్నాడు పదకొండు గంటలకు పక్కపిల్లను గిచ్చితే అది నిద్ర పని. ముందే తెలిస్తే టీచరు పదిన్నరకే చాప వేస్తుంది.

సాయంత్రం టీచరు చెప్పవలసింది ఒకటే, కళ్లతో చూసింది. "బాగానే ఉంది", "గుడ్ గర్ల్" అంటే ఏమీ చెప్పనట్టే. ఇలా చెప్పండి:

"ఇవాళ రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని ఇందులోంచి అందులోకి నీళ్లు వంచుతూ పావుగంట కూర్చుందమ్మా. మొదట సగం కింద పోయాయి. చివర్లో గ్లాసు అంచు ఆనించి పోయడం తనే కనిపెట్టింది. కింద నీళ్లు తనే గుడ్డతో తుడిచింది. ఇంట్లో స్నానాల దగ్గర మగ్గు ఇచ్చి చూడండి."

అమ్మకు పిల్ల కొత్తగా కనిపిస్తుంది, ఇంట్లో చేయడానికి ఖర్చు లేని పని దొరుకుతుంది, టీచరు తన పిల్లను చూస్తోందనే నమ్మకం కుదురుతుంది. రోజుకు ఐదుగురి గురించి ఇలా ఒక్కో ముక్క రాసుకుంటే నాలుగు రోజుల్లో క్లాసంతా అవుతుంది.

కొట్టడం, కొరకడం జరిగిన రోజు. పంటి గాటు మీద ముందు సబ్బు, నీళ్లు, చల్లటి గుడ్డ. ఆ తర్వాత ఇంటివాళ్లకు ఫోన్. సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు అమ్మ తనంతట తను చూడకూడదు. ఏం జరిగింది, మేం ఏం చేశాం, రేపటి నుంచి ఏం మారుస్తాం, ఈ మూడూ చెప్పండి. ఎవరు కొరికారో చెప్పకండి. "పేరు చెప్పం, మీ పాప విషయంలోనూ చెప్పం" అని నిదానంగా అనండి. కొరికిన పిల్ల ఇంటికి విడిగా ఫోన్ చేయండి. గేటు దగ్గర నలుగురిలో మాత్రం వద్దు. నలుగురిలో పడ్డ మాట ఇంటికెళ్లాక దెబ్బ అవుతుంది, ఆ దెబ్బ పిల్లకే తగులుతుంది.

వ్యానులో వచ్చే పిల్లల ఇంటివాళ్లు గేటు దగ్గరికి రారు. వాళ్లకు వారానికి ఒక ఫోన్, ఐదు నిమిషాలు. ఏ వారం ఎవరికో క్యాలెండరు మీద ముందే రాసుకోకపోతే ఈ పని జరగదు.

జబ్బు రోజుల నియమం వానాకాలానికి ముందే కాగితం మీద ఇవ్వండి: మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే బడికి, విరేచనాలు ఆగి 48 గంటలయ్యాకే, నోట్లో చేతుల మీద పొక్కులొస్తే డాక్టరు చూశాకే. పొద్దున పారాసిటమాల్ వేసి పంపడం అన్ని ఇళ్లలోనూ జరుగుతుంది. తిట్టకండి. "సెలవు దొరకకపోతే చెప్పండి, ఎవరిని పిలవాలో కలిసి చూద్దాం" అనండి. అప్పుడు నిజం చెబుతారు.

4. వాట్సాప్

అందరూ అందరికీ రాసే గ్రూపు వద్దు. టీచరు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ పెట్టండి. జవాబులు విడిగా రావాలి.

☐ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకే. ఆ తర్వాత వచ్చింది మర్నాడు చూస్తారని ముందే చెప్పాలి. ప్రాణం మీదికొస్తే ఫోన్.
☐ ఒక్క పిల్ల పేరు కూడా గ్రూపులో ఎత్తకూడదు, మెచ్చుకోలుకైనా సరే. మిగతా పంతొమ్మిది మంది తల్లులు "మరి మా వాడు?" అనుకుంటారు.
☐ చదవలేని ఇళ్లకు వాయిస్ మెసేజ్. తెలుగులో ఒకటి, అవసరమైతే ఉర్దూలోనో హిందీలోనో ఇంకోటి. 40 సెకన్లు దాటకూడదు.
☐ ఫొటోలకు ఇంటివాళ్ల సంతకం ముందే తీసుకోవాలి. వద్దన్న పిల్లల లిస్టు ఫోన్ పట్టుకునే ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. బట్టలు మార్చేటప్పుడు, ఏడుస్తున్నప్పుడు, నిద్రలో ఫొటో తీయకూడదు.

టీచరు సొంత ఫోన్ నుంచి పిల్లల ఫొటోలు వారానికోసారి తీసేయాలి. బడికి ఒక విడి ఫోన్ ఉంటే ఈ బాధే ఉండదు.

5. డబ్బా సంగతి

కుర్‌కురే ప్యాకెట్ తిప్పి పంపి, పైన "దయచేసి ఆరోగ్యకరమైన ఆహారం పంపండి" అని చీటీ అంటించడం వల్ల చీటీ చదివిన తల్లి చిన్నబోతుంది, డబ్బా మాత్రం మారదు. పొద్దున ఆరున్నరకు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ముందు అడగండి.

చాలా ఇళ్లలో కావలసింది ఒకటే: పది నిమిషాల్లో అయ్యేది, చల్లారినా గట్టిపడనిది, పిల్ల చేత్తో తినగలిగేది. ఆ లెక్కన వారం మెనూ ఇలా ఇవ్వొచ్చు: చిన్న పెసరట్టు ముక్కలు, రాత్రి అన్నంతో పులిహోర, అటుకుల ఉప్మా, ఇడ్లీకి నెయ్యి రాసి చిటికెడు కారప్పొడి, ఉడికిన చిలగడదుంప, అరటిపండు. గుడ్డు తినే ఇళ్లకు ఉడికిన గుడ్డు. ఒకరు తినేది ఇంకొకరు తినరని పిల్లల ముందు ఎవరూ వ్యాఖ్యానించకూడదు, ఆయమ్మతో సహా.

కొలత కూడా చెప్పండి. మూడేళ్ల పిల్లకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర ఇడ్లీ చాలు. నాలుగు పెట్టి పంపితే మూడు మిగిలి, ఇంట్లో "ఏమీ తినడం లేదు" అనే బెంగ మొదలవుతుంది. అంగన్‌వాడీలో వేడి అన్నం, గుడ్డు అక్కడే పెడతారు కాబట్టి టీచరు సాయంత్రం చెప్పవలసింది ఎంత తిందనే. లేకపోతే ఇంట్లో ఆ పూట అన్నం తగ్గించేస్తారు.

గొంతుకు అడ్డం పడేవి డబ్బాలో రానివ్వకండి: గింజలుగా పల్లీలు, జీడిపప్పు, ఎండు బఠాణీలు, గుండ్రటి చాక్లెట్లు. ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పల్లీలను పొడి చేసి ఇస్తే ఇబ్బంది లేదు, పడని పిల్లలు క్లాసులో లేకపోతే. పిల్ల ఉక్కిరిబిక్కిరైతే ఏం చేయాలో స్టాఫ్ అందరికీ చేతులతో చేయించి నేర్పించాలి. వీడియో చూపిస్తే సరిపోదు.

6. "ఇంగ్లీషు ఎప్పుడొస్తుంది? రాయడం ఎప్పుడు మొదలుపెడతారు?"

ఈ రెండు ప్రశ్నలు రాని ఇల్లు లేదు. విసుక్కోకండి. తాము పడ్డ ఇబ్బంది పిల్ల పడకూడదనే తాపత్రయం ఆ ప్రశ్నల వెనక ఉంది.

భాష గురించి చెప్పవలసింది: 2020 జాతీయ విద్యా విధానం, 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం రెండూ ఈ వయసులో ఇంటి భాషకే పెద్దపీట వేశాయి. కానీ విధానం పేరు చెబితే ఏ తల్లీ ఒప్పుకోదు. ఉదాహరణ చూపించండి. "పెద్దది, చిన్నది, పైన, కింద, ముందు, తర్వాత" అనే ఊహలు తెలుగులో గట్టిపడ్డ పిల్లకు ఇంగ్లీషు పేర్లు తగిలించడం తేలిక. ఊహే లేని చోట "బిగ్, స్మాల్" అనేది వట్టి పాట. ఇంట్లో వచ్చీరాని ఇంగ్లీషులో "ఈట్ చెయ్, సిట్ చెయ్" అనే బదులు, వచ్చిన భాషలో పొడుగ్గా మాట్లాడమనండి. "కూరగాయల బండి దగ్గర దోసకాయ ఎందుకు కొన్నామో చెప్పండి, చాలు."

రాతకు జవాబు క్లాసులోనే దొరుకుతుంది. నెలకోసారి నలుగురు పెద్దవాళ్లను అరగంట లోపల కూర్చోబెట్టండి. చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి పిల్లతోపాటు ఈనె తీయమనండి. బొటనవేలు, చూపుడువేలు ఎంత పని చేస్తున్నాయో వాళ్ల కళ్లకే కనిపిస్తుంది. పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. ఇంటికి హోంవర్కు కూడా అదే ఇవ్వండి: చపాతీ పిండి ఉండలు చేయడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, ముగ్గు చుక్కలు పెట్టడం, వామనగుంటలు ఆడటం. నాలుగు గీతల కాపీ పుస్తకం మూడేళ్ల పిల్ల ఇంటికి వెళ్లకూడదు. ఈ విషయంలో పక్క బడిని చూసి మెత్తబడొద్దు.

ఒడియా, మరాఠీ, బెంగాలీ ఇళ్ల పిల్లలు ఉంటే ఆ పెద్దవాళ్లనే పిలిచి ఒక కథ వాళ్ల భాషలో చెప్పించండి. బొమ్మ చేతిలో ఉంటే మిగతా పిల్లలకు కథ అందుతుంది. ఆ పిల్ల ఆ రోజు నడిచే నడకే వేరు.

7. మీటింగు: ఒక్కో కుటుంబానికి 15 నిమిషాలు

ఏడాదికి మూడు చాలు: ఆగస్టు, డిసెంబరు, మార్చి. అందరినీ ఒకేసారి హాల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడేది మీటింగు లెక్కలోకి రాదు.

టైము వాళ్లను అడిగి పెట్టండి. నైట్ షిఫ్టు చేసే నాన్నకు పొద్దున ఎనిమిది కుదరొచ్చు, ఇళ్లలో పనిచేసే అమ్మకు మధ్యాహ్నం మూడు, ఆటో నడిపే నాన్నకు బళ్ల ట్రిప్పు దించేశాక. పిలిచేటప్పుడు "పేరెంట్" అనకుండా "అమ్మా", "అన్నా", "ఆపా", "భాయ్" అనండి. హైదరాబాద్‌లో ఆ ఒక్క పిలుపుతో సగం బిగువు పోతుంది.

☐ బల్లకు అటూ ఇటూ కాకుండా ఒకే వైపు కూర్చోవాలి. పెద్దవాళ్లకు పెద్ద కుర్చీలే వేయాలి.
☐ పిల్ల చేసిన మూడు పనులు బల్ల మీద: జూన్‌ది ఒకటి, మొన్నటిది ఒకటి, తనకు ఇష్టమైనది ఒకటి.
☐ మొదటి ఐదు నిమిషాలు వాళ్లవే. "ఇంట్లో ఈమధ్య ఏం చేస్తోంది?" అని అడిగి ఊరుకోవాలి.
☐ తర్వాత మీరు చూసినవి రెండు.
☐ చివర ఇంట్లో ఒక పని, బడిలో ఒక పని. ఒకటే. రాసి ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ.

"ఒకటే" అన్నది గట్టిగా పట్టుకోండి. ఆరు సూచనలు పట్టుకెళ్లిన ఇంట్లో ఒక్కటీ జరగదు.

8. ఎదుగుదల గురించి కష్టమైన మాట చెప్పవలసి వస్తే

అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసింది ఇదే. తొందరపడితే కుటుంబం బడి మార్చేస్తుంది. ఆలస్యం చేస్తే పిల్ల కాలం పోతుంది.

మొదట రెండు వారాలు చూసి రాయండి. తేదీ, సమయం, ఏం జరిగింది. "ఎవరితో కలవదు" అని రాయకండి. "ఆగస్టు 4, ఇసుక దగ్గర. మూడుసార్లు పేరు పెట్టి పిలిచాను, తిరగలేదు. వెనక గిలక ఊపితే తిరిగింది" అని రాయండి.

ఆగకుండా ఇంటివాళ్లతో మాట్లాడవలసిన గుర్తులు: మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి అనకపోవడం, పేరు పిలిస్తే ఎప్పుడూ తిరగకపోవడం, కావలసింది వేలితో చూపించకపోవడం, నడకలో తరచూ పడిపోవడం. ఇంతకుముందు వచ్చిన మాటలు పోతుంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. మూడేళ్ల దగ్గర మాట తడబడటం, మొదటి అక్షరం రెండుమూడుసార్లు అనడం చాలామందిలో వచ్చి పోతుంది. దాని గురించి ఇంట్లో ఎవరూ "నిదానంగా చెప్పు" అని సరిదిద్దకుండా చూసుకోమనండి. ఆర్నెల్లు దాటినా, మాట కోసం పిల్ల గింజుకుంటున్నా చూపించాలి.

చెప్పే వరుస:

1. విడి గది, కూర్చునే చోటు, అరగంట. నిర్ణయం తీసుకునే పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. తల్లి ఒక్కతే వింటే, ఇంటికెళ్లి ఆ మాటల భారమంతా తనొక్కతే మోయాలి.
2. ముందు అడగండి: "ఇంట్లో పిలిస్తే తిరుగుతుందా? టీవీ సౌండ్ ఎక్కువ పెట్టమంటుందా?" సగం మంది తామే లోలోపల గమనించి, చెప్పడానికి మనిషి లేక ఉంటారు.
3. రాసుకున్నవి రెండు మూడు చదివి వినిపించండి. పిల్లకు వచ్చినవి కూడా చదవండి.
4. జబ్బు పేరు ఎత్తకండి. టీచరు డాక్టరు కాదు. "ఒకసారి వినికిడి పరీక్ష చేయిద్దాం" అనే మాట ఎవరికైనా మింగుడుపడుతుంది, వైద్యపరంగా కూడా మాట ఆలస్యమైతే మొదట చూడవలసింది చెవినే.
5. ఎక్కడికి వెళ్లాలో, ఏం తీసుకెళ్లాలో కాగితం మీద రాసి ఇవ్వండి.
6. వారంలోపు మీరే ఫోన్ చేయండి.

ఎక్కడికి? అంగన్‌వాడీ పిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు చూస్తాయి, అవసరమైతే ఎదుగుదల లోపాలను చిన్న వయసులోనే గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రానికి (డీఈఐసీ, వాడుకలో డైక్ సెంటర్) పంపుతాయి. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. మానసిక ఎదుగుదల పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ జాతీయ సంస్థ. అక్కడే వినికిడి, మాట సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. పాత రిపోర్టులు, టీకాల కార్డు, మీరు రాసిన రెండు వారాల నోట్సు వెంట పంపండి. పరీక్ష చేసేవాళ్లకు పిల్ల అరగంట కనిపిస్తుంది, మీ నోట్సులో పది రోజులు కనిపిస్తాయి.

"వాళ్ల నాన్న కూడా ఐదేళ్లకే మాట్లాడాడు" అనే జవాబు తప్పక వస్తుంది. వాదించకండి. "మంచిదేనమ్మా, మాట వస్తుందనే అనుకుందాం. చెవి పరీక్ష చేయిస్తే మనకు ఒక అనుమానం తీరిపోతుంది కదా" అనండి. ఆ రోజు ఒప్పుకోకపోయినా తలుపు తెరిచే ఉంచండి. నెల తర్వాత మళ్లీ రెండు నోట్సుతో కూర్చోండి. ఈలోపు క్లాసులో చేయగలిగింది ఆపొద్దు: ఎదురుగా కూర్చుని మాట్లాడటం, బొమ్మ చూపించి చెప్పడం, ఒక్కసారి ఒకే పని చెప్పడం.

9. ఒంటి మీద గుర్తులు కనిపిస్తే, పిల్ల ఏదైనా చెబితే

పిల్ల అన్న మాటలు అన్నట్టే రాయండి. గుచ్చి గుచ్చి అడగకండి, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. ఆ రోజే నిర్వాహకులకు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. లైంగిక హింస అనుమానం ఉంటే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, దాచడం నేరం. అనుమానం ఇంట్లోని మనిషి మీదే అయినప్పుడు ముందు ఇంటికి ఫోన్ చేయకండి.

10. ఏప్రిల్: అప్పగింత

పిల్ల పెద్ద బడికి వెళ్తుంటే ఒక పేజీ రాసి ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. కొత్త బడికి ఇవ్వాలో వద్దో వాళ్ల ఇష్టం. అందులో మార్కులు, గ్రేడ్లు వద్దు.

☐ ఏ పేరుకు పలుకుతుంది, ఏ భాషలో తేలిగ్గా మాట్లాడుతుంది
☐ తనంతట తను చేసుకునే పనులు
☐ ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుంది
☐ ఇష్టమైన ఆట, ఇష్టమైన మూల
☐ ఇంకా సాయం కావలసినవి రెండు
☐ పడని తిండి, మందులు

అలమారా తలుపు మీది ఇంటి మాటల చీటీ కూడా ఊడదీసి ఆ పేజీతోపాటే ఇచ్చేయండి. వచ్చే జూన్‌లో ఆ మాటలు తెలియని టీచరు ఇంకెక్కడో ఉంటుంది.